ఎయిర్ రైఫిల్‌కీ, .22కీ మధ్యతరహా ధరలో జూమ్ స్కోప్ ఎంచుకోవడం ఎలా

షాపుకి బయల్దేరే ముందే ఒక కాగితం మీద రెండు అంకెలు రాసుకోండి. మీరు కాల్చే అతి దగ్గరి దూరం ఒకటి, అతి ఎక్కువ దూరం ఇంకొకటి. హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ పట్టుకునేవాళ్లలో చాలామందికి అవి 10, 25 మీటర్లు. రేంజ్‌లో .22 (తూటా పేల్చే చిన్న కాలిబర్ రైఫిల్) కాల్చేవాళ్లకి 50 మీటర్లు. చేవెళ్ల వైపో, వికారాబాద్ వైపో సొంత పొలంలో మట్టికట్ట పోసుకుని కాగితం టార్గెట్ పెట్టుకునేవాళ్లకి మహా అయితే 40. స్కోప్ (రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణి) ఎంపికలో సగం ఈ రెండు అంకెలతోనే తేలిపోతుంది. ఇవి పక్కనపెట్టి "అన్నా, ఎక్కువ జూమ్‌ది చూపించు" అని అడిగితే, దూరపు ఫైరింగ్ కోసం తయారైన స్కోప్ ఏదో చేతిలో పెడతారు. దానికి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఈ వ్యాసంలో మధ్యతరహా అంటే స్కోప్‌కీ దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్‌కీ కలిపి 15 వేల నుంచి 40 వేల రూపాయల దాకా అనుకుందాం. అందులో కనీసం పదో వంతు మౌంట్‌కి పక్కన పెట్టండి. 25 వేల స్కోప్‌ని 500 రూపాయల రింగ్స్‌లో బిగించి, గురి నిలబడటం లేదని స్కోప్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది.

అసలు మీకు స్కోప్ కావాలా?

పోటీల్లోకి వెళ్లాలన్నది మీ లక్ష్యమైతే వద్దు. ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ సైట్‌కి అనుమతి లేదు. అక్కడ వాడేది రంధ్రంలోంచి చూసే పీప్ సైట్. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది అలాంటి సైట్‌తోనే. పిల్లల్ని అకాడమీలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు స్కోప్ డబ్బు జాకెట్‌కీ, కోచింగ్‌కీ, పెల్లెట్లకీ దాచుకోవడం మంచిది.

సరదాకి కాగితం మీద గుళ్లన్నీ ఒకేచోట దగ్గరగా పడేలా గుంపు బిగించాలన్నా, పెల్లెట్ రకాలు పోల్చి చూడాలన్నా, చత్వారం వచ్చి ఓపెన్ సైట్ మసగ్గా కనిపిస్తున్నా స్కోప్ నిజంగా పనికొస్తుంది. 0.177 అంగుళాల (4.5 మి.మీ.) కంటే పెద్ద కాలిబర్, అంటే బ్యారెల్ రంధ్రం వ్యాసం గానీ, 20 జౌల్స్ దాటిన శక్తి గానీ ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉండాలి. .22 రైఫిల్‌కి ఎలాగూ తప్పదు. పావురం, కోతి, కుక్క, ఏ ప్రాణి మీదా గురిపెట్టకండి. ఇక్కడ చెప్పే ప్రతి మాటా కాగితం టార్గెట్ కోసమే.

మొదటి మెట్టు: పారలాక్స్

చాలామంది ఆఖర్న చూసేది ఇదే. మొట్టమొదట చూడాల్సింది కూడా ఇదే.

స్కోప్‌లో టార్గెట్ బొమ్మ ఒక తలంలో పడుతుంది. గురిగీతలు, అంటే రెటికిల్, ఇంకో తలంలో ఉంటాయి. ఈ రెండూ ఒకేచోట కలిస్తే కన్ను కాస్త పక్కకి జరిగినా గురి మారదు. కలవకపోతే తల కదిలినప్పుడల్లా గీతలు టార్గెట్ మీద జారుతుంటాయి. రైఫిల్ కదలకపోయినా మీకు గురి మారినట్టు కనిపిస్తుంది, మీరు దాన్ని సరిచేస్తారు, గుండు పక్కకి పోతుంది.

తిప్పే వీలు లేని స్కోప్‌లలో పారలాక్స్‌ని ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి స్థిరపరుస్తారు. మామూలు రైఫిల్ స్కోప్‌కి అది సాధారణంగా 100 గజాలు, అంటే 91 మీటర్లు. రిమ్‌ఫైర్ (.22 తూటాల రకం) అని రాసి ఉన్నవాటికి 50 గజాలు ఎక్కువ. ఇప్పుడు లెక్క చూడండి. 40 మి.మీ. ముందు లెన్స్ ఉండి 91 మీటర్లకి స్థిరపరిచిన స్కోప్‌తో 10 మీటర్ల టార్గెట్ చూస్తే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు తప్పు దాదాపు 18 మి.మీ. దాకా వస్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం వ్యాసమే 45.5 మి.మీ., నడుమ 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అదే స్కోప్‌తో 25 మీటర్ల దగ్గర తప్పు 14 మి.మీ. దాటగలదు. 50 గజాలకి స్థిరపరిచినదైతే 25 మీటర్ల దగ్గర 9 మి.మీ. దాకా, 50 మీటర్ల దగ్గర 2 మి.మీ. లోపే.

కాబట్టి 10 మీటర్ల నుంచి కాల్చేవాళ్లు ముందు లెన్స్ చుట్టూ తిరిగే ఏఓ రింగ్ గానీ, ఎడమవైపు సైడ్ ఫోకస్ నాబ్ గానీ ఉన్నదే కొనాలి. దాని మీద కనీస దూరం 10 గజాలో, అంతకంటే తక్కువో ఉండాలి. కొన్నిటికి సైడ్ ఫోకస్ ఉన్నా 25 గజాల దగ్గరో, 50 గజాల దగ్గరో ఆగిపోతుంది. నాబ్ ఉంది కదా అని సరిపెట్టుకోకుండా దాని మీద చెక్కిన అతి చిన్న అంకె చదవండి. ఉదాహరణకి హాక్ వాంటేజ్, ఎయిర్‌మాక్స్ వరుసల్లో 4-12×40 (ఈ అంకెల అర్థం మూడో మెట్టులో ఉంది) ఏఓ మోడళ్లు దగ్గరి దూరాలకి పనికొచ్చే తరహావి. కేవలం 50 మీటర్ల దగ్గర .22 మాత్రమే కాల్చేవాళ్లకి వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2లోని 2-7×32 రిమ్‌ఫైర్ లాంటి 50 గజాల స్థిర పారలాక్స్ స్కోప్ చాలు. డబ్బూ బరువూ రెండూ కలిసొస్తాయి.

ఏఓనా, సైడ్ ఫోకసా? ఏఓ నిర్మాణం సులువు, అదే ధరలో లెన్స్ కాస్త మెరుగ్గా దొరుకుతుంది. కాకపోతే భుజాన రైఫిల్ పెట్టుకుని చేయి ముందుకి చాచి తిప్పాలి. ఒకే దూరంలో కాల్చేవాళ్లకి ఏఓ హాయిగా సరిపోతుంది. మాటిమాటికీ దూరం మార్చేవాళ్లు సైడ్ ఫోకస్‌కి అదనంగా పెట్టే డబ్బు దండగ కాదు.

రెండో మెట్టు: మీ రైఫిల్ ఏ రకం?

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ స్కోప్‌లని విరగ్గొడుతుంది. .22 కంటే, చాలా పెద్ద రైఫిళ్ల కంటే కూడా ఎక్కువగా. కారణం దాని కుదుపు. పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగిన క్షణంలో ముందుకి తంతుంది. మామూలు స్కోప్‌లో లోపలి భాగాలు వెనక్కి తన్నే దెబ్బకే బలంగా కట్టి ఉంటాయి. ముందుకి తన్నే రెండో దెబ్బకి రెటికిల్ తిరిగిపోతుంది, లోపలి గొట్టం వదులవుతుంది, ఒక్కోసారి లెన్సే కదిలిపోతుంది. డబ్బా మీద "స్ప్రింగర్‌కి తగినది" అని తయారీదారు స్పష్టంగా రాయకపోతే కొనకండి. వారంటీ కాగితంలో ఎయిర్‌గన్ వాడకాన్ని మినహాయించారేమో కూడా చదవండి.

పీసీపీకి, అంటే సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేల్చే రైఫిల్‌కి, కుదుపు చాలా తక్కువ. పారలాక్స్ 10 మీటర్లకి దిగితే చాలు, దాదాపు ఏ స్కోప్ అయినా నిలుస్తుంది.

మూడో మెట్టు: జూమ్, ముందు లెన్స్, గొట్టం

4-12×40 అంటే 4 నుంచి 12 రెట్లు జూమ్, ముందు లెన్స్ వ్యాసం 40 మి.మీ. 12 రెట్ల దగ్గర 25 మీటర్ల టార్గెట్ మీకు 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. 4.5 మి.మీ. పెల్లెట్ రంధ్రం చూడటానికి అది చాలు. 50 మీటర్ల దాకా 3-12, 4-12, 4-16 మించి అక్కర్లేదని మా గట్టి అభిప్రాయం. 6-24×50 పెద్దగా కనిపిస్తుంది, షాపులో కన్ను చెదురుతుంది. కానీ 24 రెట్ల దగ్గర మీ గుండె చప్పుడు కూడా గీతల్లో కనిపిస్తుంది, దృశ్యం ఇరుకై టార్గెట్ వెతుక్కోవాల్సి వస్తుంది. పైగా మార్చి నుంచి జూన్ దాకా మన ఎండలో నేల మీంచి లేచే వేడిగాలి టార్గెట్‌ని నీళ్లలో ఉన్నట్టు ఆడిస్తుంది. ఎక్కువ జూమ్ ఆ ఆటని కూడా పెద్దది చేసి చూపిస్తుంది.

వెలుతురు సంగతికి చిన్న భాగహారం చాలు. ముందు లెన్స్ వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు కిరణం మందం వస్తుంది. 40ని 12తో భాగిస్తే 3.3 మి.మీ., 50ని 24తో భాగిస్తే 2.1. పగటిపూట కనుపాప 2 నుంచి 4 మి.మీ. మధ్యే తెరుచుకుంటుంది కాబట్టి 3 దగ్గర దొరికితే సుఖం. 2కి పడిపోతే కన్ను వెంట్రుకవాసి జరిగినా దృశ్యం నల్లబడుతుంది.

50 మి.మీ. లెన్స్‌కి ఎత్తైన రింగ్స్ కావాలి. రింగ్ ఎత్తు పెరిగితే చెంప బట్ మీద ఆనదు, తల గాల్లో తేలుతుంది, వదిలించుకున్న పారలాక్స్ తప్పు మళ్లీ తలుపు తడుతుంది. అందుకే 40 మి.మీ.కే మా ఓటు. గొట్టం 25.4 మి.మీ.దైనా 30 మి.మీ.దైనా వెలుతురులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 30లో టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే నాబ్) తిరిగే పరిధి ఎక్కువ ఉంటుంది, అంతే. 50 మీటర్ల లోపు ఆ అదనపు పరిధి పెద్దగా అవసరపడదు.

నాలుగో మెట్టు: క్లిక్‌లు, రెటికిల్

గురి ఎంత జరిగేదీ ఎంఓఏ, మిల్ అనే కోణపు కొలతల్లో చెబుతారు. టరెట్ మీద 1/4 ఎంఓఏ అని ఉంటే ఒక్కో క్లిక్ గురిని 10 మీటర్ల దగ్గర 0.73, 25 దగ్గర 1.8, 50 దగ్గర 3.6 మి.మీ. జరుపుతుంది. 0.1 మిల్ అని ఉంటే అవే దూరాల్లో 1, 2.5, 5 మి.మీ. మన టార్గెట్లూ రేంజ్‌లూ మీటర్లలో ఉంటాయి కాబట్టి లెక్కకి మిల్ సులువు. 10, 25 మీటర్లకి క్లిక్ సన్నదనం కావాలంటే ఎంఓఏ మేలు. ఏదైనా ఫర్వాలేదు, టరెట్ ఎంఓఏ, రెటికిల్ మిల్ ఉన్న కలగాపులగం స్కోప్ మాత్రం వద్దు. ప్రతి సవరణకీ మనసులో గుణకారం చేసుకోవాల్సి వస్తుంది.

రెటికిల్ లోపల ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి స్కోప్‌లు రెండు రకాలు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో జూమ్‌తో పాటు రెటికిల్ కూడా పెరుగుతుంది. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు ఒకే మందంలో ఉంటాయి కానీ వాటి మీది గుర్తుల కొలత ఒక జూమ్ దగ్గరే నిజం. అది 12 దగ్గర నిజమైతే 6 దగ్గర అదే గుర్తు రెట్టింపు దూరం చూపిస్తుంది. తెలిసిన దూరంలో కాగితం మీద కాల్చేవాళ్లకి సెకండ్ చాలు. పైగా సన్న గీత అన్ని జూమ్‌ల దగ్గరా సన్నగానే ఉంటుంది. ఎర్ర లైటు రెటికిల్ పగటి టార్గెట్‌కి అక్కర్లేదు, ఆ డబ్బు లెన్స్‌కి పెట్టండి.

ఐదో మెట్టు: షాపులో పరీక్ష

స్కోప్‌ని రైఫిల్‌కి బిగించకుండా విడిగా అడిగి తీసుకోండి. లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, కాబట్టి గుమ్మం దాకా రండి. వీలైతే సాయంత్రం వెలుతురు తగ్గే వేళ వెళ్లండి. సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పకండి, కన్ను పోతుంది.

ఎదురుగా తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలున్న షాపు పేరు ఏదైనా చూడండి. పూర్తి జూమ్‌లో అక్షరాల అంచుల వెంట ఊదా రంగో, పచ్చ రంగో చార కనిపిస్తే లెన్స్ నాణ్యత తక్కువ. అంచున సన్నటి చార ఈ ధరలో మామూలే, నడిమధ్య ఉంటే వదిలేయండి. దృశ్యం అంచుల్లో అక్షరాలు ఎంత మసకబారుతున్నాయో చూడండి. డబ్బా మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉండాలి. ఒట్టి "కోటెడ్" అంటే పూత కొన్ని లెన్స్‌లకే వేసి ఉండొచ్చు.

ఇప్పుడు జూమ్ రింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి. ఒకే బిగువుతో తిరగాలి, మధ్యలో వదులు తగలకూడదు. టరెట్ టోపీలు తీసి పది క్లిక్‌లు అటూ ఇటూ వేయండి. ప్రతి క్లిక్ వేలికి తగలాలి, చెవికి వినపడాలి. జిగురులో తిప్పినట్టు ఉంటే ఇంకోటి అడగండి. కంటికీ వెనక లెన్స్‌కీ మధ్య కనీసం 75 మి.మీ. దూరంలో, నల్ల వలయం లేకుండా పూర్తి దృశ్యం రావాలి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు దాంతోనే చూడండి.

పేరున్న బ్రాండ్లకి నకిలీలు తిరుగుతుంటాయి. సీరియల్ నంబర్ గొట్టం మీదా, డబ్బా మీదా ఒకటేనా అని చూసుకుని, తయారీదారు సైట్‌లో సరిపోల్చుకుని, జీఎస్టీ బిల్లు మీద ఆ నంబర్ రాయించుకోండి. సగం ధరకి ఇస్తామంటే అది స్కోప్ కాదు, బొమ్మ.

ఆరో మెట్టు: మౌంట్, బిగింపు

రైఫిల్ మీద మౌంట్ కూర్చునే పట్టాని ముందు కొలవండి. చాలా ఎయిర్ రైఫిళ్లకి 11 మి.మీ. డవ్‌టెయిల్ ఉంటుంది, కొన్నిటికి 21 మి.మీ. వెడల్పున్న పికాటిన్నీ. ఒకదాని రింగ్ ఇంకోదానికి పట్టదు. స్ప్రింగ్ రైఫిల్‌కి ఒకే ముక్కలో వచ్చే మౌంట్ తీసుకోండి. దాని అడుగున ఉన్న స్టాప్ పిన్ పట్టా మీది రంధ్రంలో కూర్చోవాలి. పిన్ లేకపోతే కొన్ని వందల షాట్లకే మౌంట్ జరుగుతూ వస్తుంది, పట్టా మీద గీతలు పడతాయి.

బిగించే క్రమం ఇది:

1. రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోండి.
2. టరెట్‌ని ఒక కొసకి తిప్పి, అక్కణ్నుంచి ఇంకో కొస దాకా క్లిక్‌లు లెక్కపెట్టి, సగానికి తిప్పి వదలండి. రెండు టరెట్లకీ ఇలాగే. కొసల దగ్గర గట్టిగా తిప్పొద్దు.
3. స్కోప్‌ని కింది రింగ్స్‌లో కూర్చోబెట్టి, పై ముక్కలు వదులుగా పెట్టండి. బ్యారెల్‌కీ ముందు లెన్స్ గిన్నెకీ మధ్య 2, 3 మి.మీ. ఖాళీ చాలు.
4. పూర్తి జూమ్ పెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, చెంప పెట్టి కళ్లు తెరవండి. నల్ల వలయం కనిపిస్తే అది పోయేదాకా స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి.
5. గోడ మీద దారానికి ఒక నట్టు వేలాడదీయండి. రైఫిల్ మట్టంగా ఉంచి, నిలువు గీతని ఆ దారంతో కలపండి. గీత వంగితే పైకి వేసిన క్లిక్ పక్కకి కూడా లాగుతుంది.
6. స్క్రూలు ఎదురెదురుగా, పావు పావు తిప్పుతూ బిగించండి. రింగ్ పై స్క్రూలకి సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. మౌంట్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. పొడవాటి కీతో బలం కొద్దీ తిప్పితే గొట్టం నొక్కుకుపోయి జూమ్ రింగ్ బిగుసుకుంటుంది, లోపలి గొట్టం సరిగ్గా కదలదు. వారంటీ కూడా అక్కడితో సరి.

విరిచి లోడ్ చేసే రైఫిళ్లలో బ్యారెల్ కాస్త కిందికి వాలి ఉండటం మామూలే. టరెట్ పైకి దాదాపు చివరి దాకా తిప్పితే గానీ గురి కుదరకపోతే అదే కారణం. ఆ స్థితిలో లోపలి స్ప్రింగ్ పట్టు తగ్గి, గురి రోజుకో చోటికి పోతుంది. టరెట్‌తో పోట్లాడకుండా, వాలు సరిదిద్దే డ్రూప్ మౌంట్ తెచ్చుకోండి.

ఏడో మెట్టు: కంటికి సర్దుబాటు, జీరో

ముందు వెనక లెన్స్. ఖాళీ తెల్ల గోడ వైపు చూస్తూ, రెండు సెకన్లు చూడటం, కన్ను తిప్పేయడం, మళ్లీ చూడటం. చూసిన తక్షణం గీతలు పదునుగా కనిపించేదాకా వెనక రింగ్ తిప్పండి. ఎక్కువసేపు చూస్తూ తిప్పితే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. ఇది సరిగ్గా చేయకుండా పారలాక్స్ నాబ్ ఎంత తిప్పినా కుదరదు.

తరవాత టార్గెట్ మీద పారలాక్స్ నాబ్. రైఫిల్ సంచి మీద స్థిరంగా ఉంచి తల కొద్దిగా ఊపండి. గీత టార్గెట్ మీద జారకుండా నిలిచిన చోటే సరైన చోటు. నాబ్ మీది అంకెలు ఉజ్జాయింపు మాత్రమే, ఎండాకాలం పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట కుదరొచ్చు.

ఇక జీరో, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా సర్దడం. మొదట 10 మీటర్ల దగ్గర ఐదు గుళ్లు కాల్చండి. ఒక్క గుండు చూసి తిప్పకండి, ఐదింటి నడిమి చోటు కొలవండి. 22 మి.మీ. కింద పడితే 1/4 ఎంఓఏ స్కోప్‌కి 30 క్లిక్‌లు పైకి. తరవాత 25 మీటర్లకి జరిగి అక్కడ ఖరారు చేయండి. స్కోప్ బ్యారెల్‌కి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి, 25 దగ్గర జీరో చేసిన ఎయిర్ రైఫిల్ 10 మీటర్ల దగ్గర సుమారు సెంటీమీటరు కిందికే కొడుతుంది. అది లోపం కాదు. మీ రైఫిల్‌కి ఎంతో కాల్చి చూసి రాసిపెట్టుకోండి.

ఎనిమిదో మెట్టు: వెనక్కివ్వగలిగిన గడువులోనే ట్రాకింగ్ పరీక్ష

ట్రాకింగ్ అంటే వేసిన క్లిక్‌ల మేరకే గురి కచ్చితంగా జరగడం. దీని పరీక్షకి గుండు ఖర్చు లేదు. 25 మీటర్ల దూరంలో గ్రాఫ్ కాగితం అంటించి, ఖాళీ రైఫిల్‌ని కదలకుండా సంచుల మధ్య బిగించి, గీత కూడలిని ఒక చుక్క మీద ఆనించండి. కళ్లతో చూస్తూ 40 క్లిక్‌లు పైకి వేయండి. 1/4 ఎంఓఏ అయితే గీత 73 మి.మీ. జరగాలి, 0.1 మిల్ అయితే 100. 69 మి.మీ. వస్తే టరెట్ మీద "100 గజాలకి పావు అంగుళం" అని ఉందేమో చూడండి, అలా ఉంటే ఆ 69 సరైనదే. కుడికి 40, కిందికి 40, ఎడమకి 40 వేస్తే కూడలి మొదటి చుక్క మీదికే తిరిగి రావాలి. రెండు మూడు శాతం తేడా ఈ ధరలో సహించొచ్చు. చుక్క మీదికి తిరిగి రాకపోవడం మాత్రం సహించకూడదు. అలాంటి స్కోప్‌తో రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ జీరో వెతుక్కుంటూ తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంకో పరీక్ష: అతి తక్కువ జూమ్‌లో ఐదు, అతి ఎక్కువ జూమ్‌లో ఐదు ఒకే చుక్క మీద కాల్చండి. రెండు గుంపులు వేరువేరు చోట్ల పడితే మార్చి ఇవ్వమని అడగండి. బిల్లూ, డబ్బా, గ్రాఫ్ కాగితం వెంట తీసుకెళ్తే వాదన తగ్గుతుంది.

కొన్న తరవాత

మేలో కారు డిక్కీలో వదిలేయకండి, వేడికి లోపలి గ్రీజు పలచబడి లెన్స్ మీదికి పాకుతుంది. వానాకాలం నాలుగు నెలలూ మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. జెల్ రంగు మారగానే ఎండబెట్టో, మార్చో వాడండి. తేమలో బూజు లెన్స్ పూతని తినేస్తుంది, అది తుడిస్తే పోయేది కాదు. దుమ్ముని ముందు గాలి బల్బుతో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తరవాతే మైక్రోఫైబర్ గుడ్డ ఆనించండి. చొక్కా కొసతో తుడిస్తే దుమ్ములోని ఇసుక పూతని గీస్తుంది. స్ప్రింగ్ రైఫిల్ వాడేవాళ్లు రెండు మూడు వందల షాట్లకోసారి మౌంట్ స్క్రూలు చూసుకోవాలి. గొట్టం మీద రింగ్ అంచు దగ్గర పెన్సిల్ గీత ఒకటి పెట్టుకుంటే, స్కోప్ జరిగిందీ లేనిదీ చూడగానే తెలిసిపోతుంది.